దారి ముందు మునుగుతుంది: సిరోంచ తాలూకాలో ఒక ఊరి వరద ప్రణాళిక

గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో నది ఒడ్డున ఉన్న ఒక ఊరికి వరద ప్రణాళిక తయారుచేసిన కేసు ఇది. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. చిన్న ఊళ్లకు ప్రణాళిక రాసేవాళ్లం సాధారణంగా నీళ్లు ఇళ్లలోకి ఎప్పుడొస్తాయన్న లెక్కతోనే మొదలుపెడతాం. ఈ ఊళ్లో ఆ లెక్క పట్టుకుని కూర్చుంటే మనుషులు చిక్కుకుపోతారు. ఎందుకో, దాని బదులు ఏ లెక్క పట్టుకున్నామో వివరంగా రాస్తున్నాను. ఇదే పనిలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని నా నమ్మకం.

నేపథ్యం

సిరోంచ గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొస. పడమట ప్రాణహిత, దక్షిణాన గోదావరి, తూర్పున ఇంద్రావతి. గోదావరి దాటితే కాళేశ్వరం, తెలంగాణ. ఇంద్రావతి దాటితే ఛత్తీస్‌గఢ్. ఇళ్లలో తెలుగు, బడిలో మరాఠీ, అడవి వైపు గూడేల్లో మాడియా, గోండి. జిల్లా కేంద్రం గడ్చిరోలి 200 కిలోమీటర్ల పైనే ఉంటుంది. దానికంటే వరంగల్ దగ్గర. పెద్ద జబ్బు చేస్తే జనం వంతెన దాటి అటే పోతారు. చుట్టాలు కూడా సగం అటువైపే.

మా ఊరికి (పనిచేసినంత కాలం అలాగే అనుకున్నాం, ఇక్కడా అలాగే రాస్తాను) రెండు వైపుల నుంచి నీళ్లొస్తాయి. వైన్‌గంగ, వార్ధా కలిసి ప్రాణహిత అవుతాయి కాబట్టి భండారా జిల్లాలో గోసీఖుర్ద్ డ్యాం గేట్లు ఎత్తితే ఆ నీళ్లు ఇటే రావాలి. శ్రీరాంసాగర్, ఎల్లంపల్లి వదిలిన నీళ్లు గోదావరి వెంట వస్తాయి. సంగమానికి దిగువన 85 గేట్ల మేడిగడ్డ బ్యారేజీ ఉంది. అది 2019 జూన్‌లో ప్రారంభమైంది. 2022 జులైలో మేడిగడ్డ దగ్గర ప్రవాహం 28 లక్షల క్యూసెక్కులు (సెకనుకు ఘనపుటడుగులు) దాటింది. అదే వరదకు జులై 16న భద్రాచలంలో నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. అక్కడ 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత ఎత్తు అదే. బ్యారేజీ వల్ల ముంపు పెరిగిందా లేదా అన్న వాదన తాలూకాలో ఇంకా నడుస్తూనే ఉంది. పరిహారం కోసం ఆ వాదన తేలాలి. ఊరు ఖాళీ చేసే ప్రణాళికకు మాత్రం అది తేలేదాకా ఆగాల్సిన పని లేదని మొదట్లోనే పంచాయతీతో మాట్లాడుకున్నాం. లేకపోతే ప్రతి సమావేశమూ అక్కడే ఆగిపోయేది.

ఊరు రెండొందల పైచిలుకు గడప. పత్తి, మిర్చి, కొంత వరి. ఇంటికి రెండు మూడు బర్లు, మేకలు. ఊరి నుంచి తారు రోడ్డుకు ఒకటే దారి. మధ్యలో ఒక వాగు, దానిమీద కల్వర్టు.

వాళ్లు మా దగ్గరికి వచ్చిన సమస్య

2022 జులైలో ప్రాణనష్టం జరగలేదు. కానీ చాలామంది అర్ధరాత్రి నాటుపడవల్లో బయటపడ్డారు. నెలలు నిండిన ఒక గర్భిణిని మంచంతో సహా పడవలోకి ఎక్కించారు. కట్టుగొయ్యలకు కట్టేసి ఉన్న పశువులు చాలా పోయాయి. వానలు తగ్గాక సర్పంచ్, ఇద్దరు ముగ్గురు పెద్దలు వచ్చి "మా ఊరికో ప్రణాళిక రాసిపెట్టండి సార్" అన్నారు.

ప్రణాళిక అప్పటికే ఉంది. గ్రామసేవక్ (పంచాయతీ కార్యదర్శి) బీరువాలో నాలుగు పేజీల కాగితం. అందులో ఫోన్ నంబర్లు, కమిటీ పేర్లు ఉన్నాయి. "నీటిమట్టం పెరిగినచో గ్రామస్తులను జిల్లా పరిషత్ పాఠశాలకు తరలించవలెను" అన్న అర్థం వచ్చే మరాఠీ వాక్యం ఒకటి ఉంది. ఆ బడి ఊరి దిగువ వాడలో ఉంది. 2022లో దాని కిటికీల దాకా నీళ్లు నిలిచాయి.

ఊరివాళ్ల మనసులో ఇంకో ప్రణాళిక ఉండేది, ఎక్కడా రాయనిది. 1986లో నీళ్లు హనుమాండ్ల గుడి అరుగు దాకా వచ్చి ఆగాయి. అరుగు మీద కూర్చున్న తాతలు అందరికీ ఆ గుర్తే చూపించేవాళ్లు. అరుగు తడిస్తే అప్పుడు చూద్దాం అన్నది ఊరి తీర్మానం. 2022లో ఆ గుర్తు మునిగేసరికి బయటికి పోయే దారే లేదు.

మొదటి నిర్ణయం: ఎత్తులు కొలవడం

కొత్త కాగితం రాసేముందు ఏది ఎప్పుడు మునుగుతుందో తేల్చుకోవాలనుకున్నాం. మ్యాపులు ఉన్నాయి గానీ ఒక గడపకూ ఇంకో గడపకూ ఉన్న తేడా చూపించేంత సన్నటివి దొరకలేదు. అందుకని ఊరి మేస్త్రీని పిలిచాం. పునాది సమంగా ఉందో లేదో చూసుకోవడానికి మేస్త్రీలు వాడే నీళ్ల పైపు ఉంటుంది కదా, ఆ పారదర్శకమైన పైపుతోనే కల్వర్టు నుంచి ఊళ్లోకి కొలుచుకుంటూ పోయాం. పైపు పొడవు ఎంతుంటే అంతదూరం పోవడం, కర్ర పాతడం, నీటిమట్టం దగ్గర సుద్దగీత పెట్టడం, మళ్లీ అక్కడి నుంచి ఇంకో పైపు దూరం. పైపులో గాలిబుడగ చేరితే లెక్క తప్పుతుంది. అలా అయినప్పుడల్లా మేస్త్రీ పైపు తీసి నీళ్లు ఒంపేసి మళ్లీ నింపాడు. చుట్టూ చేరిన పిల్లలకు గాలిబుడగ కనబడితే అరవమని చెప్పాడు. వాళ్లు ఆ పని చాలా శ్రద్ధగా చేశారు.

తేలింది ఏమిటంటే, ఊళ్లో అన్నిటికంటే పల్లంలో ఉన్న ఇంటి గడప కన్నా కల్వర్టు నిలువెత్తు మనిషి ఎత్తు కంటే ఎక్కువే కిందికి ఉంది. అంటే ఏ ఇంట్లోకీ చుక్క నీరు రాకముందే ఊరు లంక అయిపోతుంది. ఆ తర్వాత వచ్చే నీళ్లు ఇళ్లను ముంచుతాయా లేదా అన్నది నది ఇష్టం. మన చేతిలో ఏమీ ఉండదు.

ఇంకో సంగతి కూడా అప్పుడే బయటపడింది. కల్వర్టు మునిగేది వాగు పొంగడం వల్ల కాదు. నదిలో నీళ్లు పెరిగితే వాగులో నీళ్లు దిగడానికి చోటుండదు, నదే వాగులోకి ఎదురెక్కుతుంది. ఊళ్లో ఎండ కాస్తున్న రోజున కూడా ఇది జరుగుతుంది. జనం మబ్బు చూసి వరదను అంచనా వేస్తున్నారు. ఆ నీళ్లు ఎక్కడో విదర్భలో, ఆదిలాబాద్ అడవుల్లో కురిసిన వానవి.

అందుకని ప్రణాళికలో గడియారం కల్వర్టు దగ్గర మొదలవ్వాలని నిర్ణయించాం. ఇళ్లు మునిగే ఎత్తును అసలు ప్రమాణంగానే పెట్టలేదు. ఇది ఒప్పించడానికి ఎక్కువ మాటలు పట్టలేదు. సుద్దగీతలు అందరూ చూశారు.

2023: చేసింది, పనిచేయనిది

ఆ ఏడు వానలకు ముందు రెండు పనులు చేశాం. కల్వర్టు పక్కగోడ మీద ఎర్ర రంగుతో ఒక గీత గీయించాం. నీళ్లు అక్కడికి వస్తే ఊరు ఖాళీ. రెండోది, ఒక వాట్సాప్ గ్రూపు. ఎగువ ప్రాజెక్టుల విడుదల వివరాలు అందులో పెట్టాలని అనుకున్నాం.

గ్రూపు వల్ల మేలు కన్నా గందరగోళమే ఎక్కువైంది. గోసీఖుర్ద్ సమాచారం క్యూమెక్కుల్లో (సెకనుకు ఘనమీటర్లు) వస్తుంది, గోదావరి ప్రాజెక్టులది క్యూసెక్కుల్లో. ఒక క్యూమెక్కు అంటే 35 క్యూసెక్కులకు పైనే. "గోసీఖుర్ద్ 10,000" అన్న మెసేజ్, "ఎల్లంపల్లి 4 లక్షలు" అన్న మెసేజ్ ఒకదాని కింద ఒకటి వస్తే చదివేవాళ్లకు మొదటిది చిల్లర లెక్కలా కనిపించింది. నిజానికి అది మూడున్నర లక్షల క్యూసెక్కులు. దీనికి తోడు పాత వీడియోలు, వేరే జిల్లాల వరద ఫొటోలు. ఆపైన కరెంటు పోయింది, కొంతసేపటికి టవర్ కూడా ఆగింది.

క్యూమెక్కులను క్యూసెక్కుల్లోకి మార్చి పెట్టే మనిషిని పెడదామని ఒకరు సలహా ఇచ్చారు. వద్దనుకున్నాం. భద్రాచలంలో 43, 48, 53 అడుగులకు ఒకటి, రెండు, మూడో హెచ్చరిక అని ఇస్తారు. అక్కడ చిన్నపిల్లలకు కూడా ఆ అంకెల అర్థం తెలుసు. ఎందుకంటే ఏ అడుగుకు ఏ వీధి మునుగుతుందో ఏళ్లుగా చూశారు. మా ఊరికి అలా ముడిపడిన అంకె ఏదీ లేదు. గోసీఖుర్ద్ విడుదల ఎంతైతే మా కల్వర్టు మునుగుతుందో నమ్మకంగా చెప్పలేం. మధ్యలో పడే వాన, అటు గోదావరి స్థితి అన్నీ కలుస్తాయి. నమ్మకంగా చెప్పలేని అంకెను ఎంత శుభ్రంగా మార్చి పంపినా నిర్ణయానికి పనికిరాదు. ఎగువ సమాచారాన్ని "కల్వర్టు దగ్గర కన్నేసి ఉంచండి" అనడానికి మాత్రమే వాడాలని, కదలాలా వద్దా అన్నది గీతే చెప్పాలని తేల్చుకున్నాం.

గీత మాత్రం తన పని చేసింది. 2023 జులై చివర్లో నీళ్లు ఎర్రగీత దాటాయి, చాటింపు వేశారు. కానీ సగం ఇళ్లే కదిలాయి. మిగతావాళ్లు ఉండిపోయారు. ఈసారి నీళ్లు దిగువ వాడ అంచు దాకా వచ్చి తగ్గాయి. ఉండిపోయినవాళ్లదే తెలివి అన్నట్టయింది. పోయినవాళ్లు రెండు రోజుల కూలి పోగొట్టుకుని, తడిసిన గడ్డి చూసుకుని బాధపడ్డారు.

ఇక్కడే మేం ఎక్కువసేపు ఆలోచించాం. "జనంలో అవగాహన లేదు" అని రాసి ముగించడం ఈ పనిలో చాలా తేలిక. ఇల్లిల్లూ తిరిగి ఎందుకు ఉండిపోయారని అడిగితే వచ్చిన జవాబులు వేరు. ఒక పెద్దాయన అన్నమాట: "మేం పోవచ్చు సార్, బర్లను ఎవరి నెత్తిన పెట్టి పోవాలె?" ఇంకో ఇంట్లో పంచనామా (వరద నష్టం చూసి రాసుకోవడం) భయం. తలాఠీ (ఊరి రెవెన్యూ ఉద్యోగి) వచ్చినప్పుడు ఇంటి దగ్గర మనిషి లేకపోతే నష్టపరిహారం జాబితాలో పేరు ఉండదని గట్టి నమ్మకం. ఒంటరిగా ఉండే ఒక అవ్వ సూటిగా చెప్పింది: "నా మేకలు, నా బియ్యం డబ్బా. అవి వస్తె నేనొస్త."

ప్రమాదం గురించి వీళ్లెవరికీ మనం కొత్తగా చెప్పాల్సింది లేదు. 2022ను వాళ్లు కళ్లారా చూశారు. ఇల్లు వదలడానికి అయ్యే ఖర్చు లెక్కేసుకుంటున్నారు, అంతే. ప్రతి హెచ్చరికా నిజం కావాలంటే గీతను ఇంకా పైకి జరపాలి. పైకి జరిపితే దారి మూసుకుపోతుంది. కాబట్టి ఈ ఊళ్లో కొన్ని హెచ్చరికలు వృథా అవుతాయి, అది తప్పదు. వృథా అయినా నష్టం లేనంత చవకగా ఊరు కదిలే ఏర్పాటు చేయడమే మాకు మిగిలిన దారి.

రెండో ప్రణాళిక

కల్వర్టు మీద ఎర్రగీతకు బాగా దిగువన పసుపు గీత ఒకటి గీయించాం. పసుపుకు పశువులు, ఎరుపుకు మనుషులు. పశువుల్ని ముందు పెట్టడానికి రెండు కారణాలు. అవి మెల్లగా నడుస్తాయి, పగటి వెలుగు కావాలి. రెండోది, బర్లు గట్టు మీదికి చేరాక వాటిని పాలు పితకడానికైనా ఇంట్లో ఒకరు అక్కడికి పోవాలి. ఇంట్లో ఒకరు పోతే మిగతావాళ్లను పిలవడం తేలిక. గీతల మధ్య ఎడం ఎంతుండాలో చేపలు పట్టేవాళ్లను అడిగి నిర్ణయించాం. 2022లో ఏ చెట్టు మొదలు ఎప్పుడు మునిగిందో వాళ్లకు పూటల లెక్కన గుర్తుంది. దాన్నిబట్టి పసుపు నుంచి ఎరుపుకు కనీసం ఒక పూట వ్యవధి ఉండేలా పెట్టాం.

పసుపు గీతకు ఎవరి అనుమతీ అవసరం లేదని రాసుకున్నాం. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ఊరు ఖాళీ చేయించే అధికారం జిల్లా యంత్రాంగానిది. అక్కడి నుంచి తహసీల్‌కు, తహసీల్ నుంచి ఊరికి మాట రావాలి. కానీ రైతు తన బర్రెను తాను తోలుకుపోవడానికి ఏ ఉత్తర్వూ అక్కర్లేదు. ఈ చిన్న తేడాతో మాకు చాలా గంటలు కలిసొచ్చాయి.

గీత చూసే పని కమిటీకి ఇవ్వలేదు. కమిటీలో ఉన్న మగవాళ్లు జులైలో నాట్లకో కలుపులకో వాగు అవతల ఉంటారు. రోజూ తెల్లవారకముందే వలలు చూసుకోవడానికి పోయే ఒకాయనకు, ఆయన లేనప్పుడు ఆయన భార్యకు ఇచ్చాం. ఎలాగూ పోయే దారిలోనే గీత ఉంది. వాళ్లు అంగన్‌వాడీ టీచరమ్మకు చెప్తారు, ఆమె డప్పు వేయిస్తుంది.

పశువులకు చోటు దొరకడమే కష్టమైంది. కల్వర్టు దాటాక తారు రోడ్డు పక్కన ఎత్తైన చెలక ఒకటి ఉంది. అది ఒక రైతుది. ఊరి పశువులన్నీ వచ్చి తొక్కితే తన పంట ఏమవుతుందని ఆయన అడిగాడు, న్యాయమే. పాత మంద పద్ధతి గుర్తుచేసింది ఒక ముసలాయన. గొర్రెల మంద పెట్టించుకుంటే గొర్లకాపరికి మనమే ఎదురు చెల్లిస్తాం కదా, ఇదీ అంతే, పశువులు ఉన్నన్నాళ్ల ఎరువు చేను యజమానిదే అన్నాడు. జులై ముగిసేదాకా చెలకలో ఒక పక్క మడి ఖాళీగా ఉంచడానికి ఆ రైతు ఒప్పుకున్నాడు. ఎండాకాలంలోనే ఇంటికి కొన్ని మోపుల చొప్పున గడ్డి అక్కడ వాము వేశారు.

పంచనామా భయానికి తలాఠీ సాయం చేశాడు. వానలకు ముందే ప్రతి ఇంటినీ యజమాని నిలబడి ఉండగా ఫొటో తీసి, ఇంటి నంబరుతో జాబితా చేశాడు. ఆ జాబితా నకలు పంచాయతీలో అంటించారు. చట్టపరంగా దాని బరువు ఎంతో నేను చెప్పను. జనం గుండె మీది బరువు మాత్రం దిగింది.

మనుషుల జాబితా ఆశా కార్యకర్త దగ్గర అప్పటికే ఉంది. దానికి మేం కలిపింది ఒకే గడి: ఎవరిని ఎవరు తీసుకుపోతారు. మంచాన పడ్డవాళ్లకు నలుగురి పేర్లు, అవ్వకు పక్కింటి కోడలి పేరు, అవ్వ మేకలకు ఆ కోడలి కొడుకు పేరు. నెలలు నిండబోతున్న గర్భిణుల విషయంలో గీతల కోసం ఆగకూడదనుకున్నాం. జిల్లాలో ఆరోగ్య కేంద్రాల దగ్గర కాన్పుకు ముందే వచ్చి ఉండే 'మాహేర్‌ఘర్' సదుపాయం ఉంది. జులై, ఆగస్టు కాన్పులన్నీ క్యాలెండర్ చూసి ముందే అటో, పుట్టింటికో పంపే ఏర్పాటు చేశాం.

ఫోన్ల విషయంలో సరిహద్దు ఊళ్లన్నీ గమనించాల్సింది ఒకటుంది. మా ఊళ్లో కొన్ని వాడల్లో అవతలి ఒడ్డు టవర్ సిగ్నలే వస్తుంది. అక్కడి నుంచి 108 కొడితే ఫోను తెలంగాణ కాల్ సెంటర్‌కు పోయింది. అక్కడివాళ్లకు మన తాలూకా పేరు అర్థమయ్యేసరికి సమయం పోతుంది. అందుకని సిరోంచ ఆసుపత్రి, తహసీల్ కార్యాలయం, అటు కాళేశ్వరం వైపు పనికొచ్చే నేరు నంబర్లు ఆశా ఇంటి గోడ మీద పెయింటుతో రాయించాం. సర్కారు కాగితంలో ప్రణాళిక రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. రోగి ఆగడు.

2024 వానాకాలం

2023 అక్టోబరు 21న మేడిగడ్డ పిల్లర్లు కుంగాక, మరుసటి వానాకాలంలో బ్యారేజీ గేట్లన్నీ ఎత్తే ఉంచారు. ఇక వెనక నీళ్లు రావు, గీతలతో పనేముందని కొందరన్నారు. బ్యారేజీ లేని 1986లో కూడా వాగు ఎదురెక్కిందని గుడి దగ్గరి తాతలే జవాబు చెప్పారు. మేం చెప్పి ఉంటే అంత బరువు ఉండేది కాదు.

జులైలో నది పెరిగిన రోజున తెల్లారేసరికి పసుపు గీత తడిసింది. మధ్యాహ్నం కాకముందే పశువులు చాలావరకు చెలకకు చేరాయి. సాయంత్రానికి ఎరుపు. పోయిన ఏడు ఉండిపోయిన ఇళ్లలో ఎక్కువ భాగం ఈసారి కదిలాయి. అవ్వ తన బియ్యం డబ్బా తానే పట్టుకుని, మేకల వెనక నడిచి వచ్చింది. చీకటి పడ్డాక కల్వర్టు మునిగింది. నీళ్లు దిగువ వాడలో కొన్ని ఇళ్లలోకి మాత్రమే వచ్చి తగ్గాయి. గడ్డి ఉంది, పాలు పితుక్కున్నారు, అమ్ముకున్నారు. ఊరికే పోయామన్న మాట ఈసారి వినపడలేదు. నా దృష్టిలో ఈ కేసులో అసలు ఫలితం అదే.

ఇంకో ఊళ్లో వాడాలనుకునేవాళ్లకు

గీతలు మా ఊళ్లో పనిచేసింది నది మెల్లగా పెరుగుతుంది కాబట్టి. అవతల భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిలో 2023 జులై 27న తెల్లవారేసరికి వాగు ఊరి మీద పడింది. జనం ఇళ్ల కప్పులు ఎక్కితే హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. అప్పుడే పక్క ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. అలాంటి వాగు పక్కన గీత చూసి కదిలే వ్యవధి ఉండదు. అక్కడ గడియారం వాన కొలతతో మొదలవ్వాలి, రాత్రి కాపలా ఉండాలి.

ఎత్తుకు పోతే క్షేమం అన్నదీ అన్నిచోట్లా చెల్లదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను అప్పుడు ఒడిశా గజపతి జిల్లా బరఘరలో జనం ఇళ్లు వదిలి కొండ గుహలో తలదాచుకున్నారు. కొండచరియ విరిగిపడి పదిమందికి పైగా అక్కడే పోయారు. పర్లాకిమిడి, గుణుపురం చుట్టుపక్కల కొండ ఊళ్లకు ప్రణాళిక రాసేవాళ్లు చేరబోయే చోటును కూడా మునిగే చోటంత జాగ్రత్తగా చూడాలి. నీళ్ల పైపుతో ఎత్తు కొలవొచ్చు గానీ మట్టి ఎంత నానిందో దానితో తెలియదు.

మా ఊళ్లో మిగిలిపోయిన పనులున్నాయి. చెలక దగ్గర తాగునీటికి బోరు లేదు, ట్యాంకరు మీదే ఆధారం. ఆడవాళ్లకు మరుగుదొడ్లు లేక రాత్రి చాలా ఇబ్బంది పడ్డారు. తాత్కాలికంగా తడకలు కట్టడం ఈ ఎండాకాలం పనుల్లో పెట్టారు. వాగుకు ఎగువన ఉన్న మాడియా గూడేనికి దారి వేరు, అక్కడ ఇంకా ఎత్తులు కొలవలేదు. మేస్త్రీ ఒప్పుకున్నాడు, పైపు పంచాయతీలోనే ఉంది. సర్కారు కాగితంలో పునరావాస కేంద్రంగా ఇంకా ఆ మునిగే బడి పేరే ఉంది. దాన్ని మార్చమని గ్రామసభ తీర్మానం చేసి తహసీల్‌కు పంపింది.